కొత్త మాట వస్తే పాత మాటల్లో ఏది పోవాలె? నమ్మకాల సవరణ తర్కం చరిత్ర, మన నల్లమల వైపు నుంచి



మనలో బీటెక్, ఎమ్మెస్సీ చదువుతున్న తమ్ముళ్ళు, చెల్లెళ్ళు ఏఐ సబ్జెక్టులో ‘బిలీఫ్ రివిజన్’ అనే పాఠం దగ్గర ఆగిపోతున్నరు. తెలుగులో చెప్పాలంటే నమ్మకాల సవరణ. పుస్తకాల్లో దానికి పెంగ్విన్ పక్షి ఉదాహరణ ఇస్తరు. పెంగ్విన్‌ను మనలో ఎవరు చూసిన్రు? అందుకే ఈ తర్కం ఎట్లా పుట్టింది, ఎవరు కట్టిన్రు, ఎక్కడిదాకా వచ్చింది అనేది మన్ననూర్ నుంచి మొదలుపెట్టి చెప్తున్నం. కొంచెం పొడుగు పోస్టు, ఓపికతో చదవండి. ఇది పరీక్ష కోసం మాత్రమే చదివే పాఠం కాదు. మన పేరు జాబితాలో ఉండాల్నా వద్దా, మన తాతల మాట సాక్ష్యమా కాదా అనే ప్రశ్న కూడా ఇందులోనే ఉన్నది.

1. పులి అడుగు

మన్ననూర్ చెక్‌పోస్టు దాటి ఫరహాబాద్ వైపు పోతుంటే దారి పక్క మెత్తటి మట్టిలో పులి అడుగు కనబడ్డదనుకుందాం. అడవి తెలిసిన తాత ఒకరు చూసి ‘రాత్రి పోయింది’ అంటడు. వంగి మళ్ళీ చూస్తడు. అడుగు మీద చిన్న చిన్న గుంటలున్నయి, చినుకులు పడ్డట్టు. నిన్న సాయంత్రమే వాన పడి ఆగిపోయింది. ఇప్పుడు ఆయన దగ్గర మూడు మాటలున్నయి.

ఒకటి, వాన నిన్న సాయంత్రమే పడి ఆగింది. రెండు, అడుగు మీది గుంటలు ఆ వాన చినుకులవే. మూడు, పులి రాత్రి, అంటే వాన తర్వాత పోయింది.

ఈ మూడూ కలిసి నిలబడవు. వాన తర్వాత పడిన అడుగు మీద ఆ వాన చినుకులు ఎట్లా ఉంటయి? ఏదో ఒకటి పోవాలె. తాత పైకి చూస్తడు. పైన కొమ్మ లేకపోతే మూడో మాట వదిలేస్తడు: ‘రాత్రి కాదు బిడ్డా, నిన్న పొద్దుగూకక ముందే పోయింది.’ పైన ఆకులు దట్టంగా ఉంటే రెండో మాట వదిలేస్తడు: ‘ఇవి వాన చినుకులు కావు, తెల్లారుజామున ఆకుల మీది నీళ్ళు రాలినయి. పులి రాత్రే పోయింది.’

చూడండి, తర్కం చెప్పింది ఒక్కటే: మూడూ కలిసి ఉండలేవు. ఏది పోవాలో తర్కం చెప్పలేదు. అది చెప్పింది తాత అనుభవం. ఏ మాట ఎంత గట్టిది, ఏది మెత్తది అనే వరుస ఆయన మనసులో ఉన్నది. నమ్మకాల సవరణ శాస్త్రం మొత్తం ఈ ఒక్క సంగతి చుట్టూనే తిరుగుతది. వరుస లేకుండా సవరణ లేదు. మరి ఆ వరుస ఎవరు పెట్టాలె? ఈ పోస్టులో మేము చెప్పదలచుకున్నది అదే.

2. పెరుగుడే గాని తరుగుడు లేని తర్కం

పాత తర్కానికి ఒక గుణం ఉన్నది. కొత్త సంగతులు చేర్చినకొద్దీ తేలే ఫలితాలు పెరుగుతయి గాని తగ్గవు. లెక్కల్లో ఇది మంచిదే. ఒకసారి రుజువైన సిద్ధాంతం రేపు కొత్త సంగతి తెలిసినంత మాత్రాన అబద్ధం కాదు. కానీ బతుకు అట్లా నడవదు. తాడును చూసి పాము అనుకుంటం, దీపం తెస్తే తాడని తెలుస్తది, పాము అనే మాట పోతది. ఈ తాడు, పాము ఉదాహరణ మన దేశపు తత్వశాస్త్రాల్లో ఎంతో పాతది. తర్వాత కలిగిన జ్ఞానం ముందటి జ్ఞానాన్ని కొట్టేయడాన్ని వాళ్ళు ‘బాధ’ అన్నారు.

1956లో అమెరికాలోని డార్ట్‌మౌత్‌లో జరిగిన సమావేశంతో కృత్రిమ మేధ ఒక చదువుగా మొదలైంది. ఆ పేరు పెట్టినవాళ్ళలో ముఖ్యుడు జాన్ మెకార్తీ. యంత్రానికి లోకజ్ఞానం ఇవ్వాలంటే దాన్ని తర్కం భాషలో రాసి ఇవ్వాలని ఆయన ఆ దశాబ్దం చివర్లోనే ప్రతిపాదించాడు. దీని మీద మార్విన్ మిన్‌స్కీ 1970ల మధ్యలో గట్టి విమర్శ పెట్టాడు. పిట్ట అంటే ఎగురుతది అని యంత్రానికి చెప్తం. ఉష్ట్రపక్షి ఎగరదు, రెక్క విరిగిన కాకి ఎగరదు. మినహాయింపులన్నీ ముందే రాయాలంటే ఎన్నడు పూర్తయితది? తరుగుడు లేని తర్కంతో మామూలు బుద్ధి పట్టుబడదు అన్నాడు.

జవాబు 1980లో వచ్చింది. ‘ఆర్టిఫిషియల్ ఇంటెలిజెన్స్’ అనే పత్రిక ఒక సంచిక మొత్తం దీనికే ఇచ్చింది. అందులో రేమండ్ రైటర్ డిఫాల్ట్ లాజిక్ పెట్టాడు: ఎదురు సంగతి ఏదీ తెలియనంతవరకు మామూలుగా జరిగేదే జరుగుతుందని అనుకో, ఎదురు సంగతి తెలిస్తే వెనక్కి తీసుకో. మెకార్తీ తనది ఒక పద్ధతి ఇచ్చాడు, డ్రూ మెక్‌డెర్మాట్, జాన్ డోయల్ ఇంకొకటి ఇచ్చారు. వీటన్నిటినీ కలిపి నాన్-మోనోటానిక్ లాజిక్ అంటం. ఒక్క మాటలో, వెనక్కి తగ్గడం తెలిసిన తర్కం.

ఈ దారిలో మన తెలుగు మనిషి కూడా ఉన్నాడు. చిత్తూరు జిల్లా కాటూరులో 1937లో పుట్టిన రాజ్ రెడ్డి. కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో ఆయన, ఆయన సహచరులు 1970ల్లో ‘హియర్‌సే’ అనే వ్యవస్థలు కట్టారు. మనిషి మాట్లాడితే యంత్రం అర్థం చేసుకోవాలె. మాట సగం వినబడుతది, చప్పుడు కలుస్తది. అందుకని యంత్రం ముందు ఒక ఊహ చేసి అందరికీ కనబడే ‘బ్లాక్‌బోర్డు’ మీద రాస్తది. శబ్దాల సంగతి తెలిసిన భాగం ఒకటి, పదాల సంగతి తెలిసిన భాగం ఒకటి, వాక్యం సంగతి తెలిసిన భాగం ఒకటి ఆ ఊహలకు బలం ఇస్తయి లేదా బలం తగ్గిస్తయి. వెనక వచ్చిన మాట ముందటి ఊహను మారుస్తది. 1976 నాటికి హియర్‌సే-2 సుమారు వెయ్యి పదాలతో పనిచేసింది. 1994లో రాజ్ రెడ్డికి, ఎడ్వర్డ్ ఫైగెన్‌బామ్‌కు కలిపి ట్యూరింగ్ అవార్డు వచ్చింది. హియర్‌సే తర్కం పుస్తకం కాదు గాని, ఊహించి, చూసి, మార్చుకునే యంత్రం ఎట్లుంటదో లోకానికి చూపించింది.

3. ఎందుకు అని రాసిపెట్టుకునే యంత్రం

1979లో డోయల్ ‘ట్రూత్ మెయింటెనెన్స్ సిస్టం’ గురించి రాశాడు. అంతకు రెండేళ్ళ ముందు స్టాల్‌మన్, సస్‌మన్ ఎలక్ట్రికల్ సర్క్యూట్లను విశ్లేషించే ప్రోగ్రాంలో వాడిన ఒక ఉపాయం దీనికి పునాది. ఉపాయం సులువే. యంత్రం ఏ మాట నమ్మినా, దాని పక్కన ‘ఎందుకు నమ్మిన’ అని కూడా రాసిపెట్టుకోవాలె. ప్రతి నమ్మకానికి ‘లోపల’ లేదా ‘బయట’ అనే గుర్తు ఉంటది. ఒక ఆధారం పడిపోతే దాని మీద నిలబడ్డ మాటలన్నీ వెతికి బయట పెడతది. వేరే ఆధారం ఉన్న మాట మాత్రం లోపలే ఉంటది. మొత్తం మొదటికి పోయి లెక్క వేయాల్సిన పని లేదు.

ఇది ఎంత పెద్ద సంగతో మనకు బాగా అర్థమైతది. ఒక కుటుంబం పేరు జాబితాలో లేదు అనుకుందాం. ఎందుకు లేదు అంటే ‘సిస్టంలో రావట్లేదు’ అనే జవాబు వస్తది. ఆధారం రాసిపెట్టుకున్న వ్యవస్థ అయితే ఇట్లా చెప్పాలె: ‘ఫలానా సర్వేలో ఇల్లు తాళం వేసి ఉన్నది, అందువల్ల ఇక్కడ ఉండట్లేదని అనుకున్నం, అందువల్ల పేరు తీసినం.’ అప్పుడు మనం ఒక్క మాట చెప్తే చాలు: ‘తాళం వేసింది తేనె కోసం అడవికి పోయినందుకు.’ ఒక ఆధారం పడిపోతే దాని మీది నిర్ణయం కూడా పడిపోవాలె. ఆధారం రాసుకోని వ్యవస్థను ఎదిరించడం కష్టం, ఎందుకంటే ఏ ఇటుక తీయాలో తెలియదు.

1986లో యోహాన్ డి క్లీర్ దీన్ని ఇంకో మెట్టు ఎక్కించాడు. ఆయన వ్యవస్థ ఒక్క కథకే కట్టుబడదు. ‘ఈ ఊహలు నిజమైతే ఇట్లా, ఆ ఊహలు నిజమైతే అట్లా’ అని అన్ని కథలనూ పక్కపక్కన పట్టుకుంటది. కొమ్మ ఉంటే ఒక జవాబు, లేకపోతే ఇంకో జవాబు అని తాత రెండూ మనసులో పెట్టుకున్నట్టే.

4. చట్టం చదివే మనిషి అడిగిన ప్రశ్న

ఈ కథలో మాకు బాగా నచ్చిన మలుపు ఇది. నమ్మకాల సవరణకు గట్టి గణితం ఇచ్చిన దారుల్లో ఒకటి కంప్యూటర్ నుంచి రాలేదు, చట్టం నుంచి వచ్చింది.

అర్జెంటీనాలోని బ్యూనస్ ఎయిర్స్‌లో కార్లోస్ ఆల్చురోన్ అనే న్యాయశాస్త్ర పండితుడు ఉండేవాడు. యూజీనియో బులిగిన్‌తో కలిసి 1971లో ‘నార్మేటివ్ సిస్టమ్స్’ అనే పుస్తకం రాశాడు. ఆయనను పట్టుకున్న ప్రశ్న ఇది: చట్టసభ ఒక నియమాన్ని రద్దు చేస్తది. కానీ ఆ నియమం పుస్తకంలో ఒక్కచోటే లేదు. మిగతా నియమాలు రెండు మూడు కలిపితే అదే నియమం మళ్ళీ తేలుతది. అప్పుడు నిజంగా రద్దు కావాలంటే ఇంకా ఏవేవి తీయాలె? ఒకటి తీసినా సరిపోతది, ఇంకొకటి తీసినా సరిపోతది. ఏది తీయాలె? మన తాత మూడు మాటల చిక్కే ఇది. ఆల్చురోన్, ఆస్ట్రేలియాలో పుట్టిన తర్కశాస్త్రవేత్త డేవిడ్ మేకిన్సన్ కలిసి దీని మీద 1981, 1982లో వ్యాసాలు రాశారు. అదే కాలంలో స్వీడన్‌లోని లుండ్‌లో పీటర్ గార్డెన్‌ఫోర్స్ ‘ఒకవేళ ఇట్లయితే’ అనే వాక్యాల అర్థం వెతుకుతూ ఇదే చోటుకు చేరాడు. ముగ్గురూ కలిసి 1985లో ‘జర్నల్ ఆఫ్ సింబాలిక్ లాజిక్’లో వ్యాసం వేశారు. వాళ్ళ పేర్ల మొదటి అక్షరాలతో దాన్ని ఏజీఎం సిద్ధాంతం అంటరు.

అందులో మూడు పనులున్నయి. విస్తరణ: కొత్త మాట పాతవాటితో తగాదా పడకపోతే చేర్చుకోవడం. తొలగింపు: ఒక మాటను తీసేయడం, అది మళ్ళీ తేలకుండా అవసరమైనంత మేరకే మిగతావి తీయడం. సవరణ: తగాదా పడే కొత్త మాటను చేర్చుకుని, మొత్తం పొందికగా ఉంచడం. ఐజాక్ లెవీ అనే తత్వవేత్త చెప్పిన సూత్రం వీటిని కలుపుతది: సవరణ అంటే ముందు ఎదురు మాటను తొలగించు, తర్వాత కొత్త మాటను చేర్చు. సవరణకు ఎనిమిది షరతులు పెట్టారు. సారాంశం చెప్తే: కొత్త మాట ఫలితంలో ఉండాలె, అనవసరంగా ఏదీ చేరకూడదు, తగాదా లేకపోతే ఏదీ పోకూడదు, కొత్త మాటే తనలో తాను తగాదా పడేది కాకపోతే ఫలితం పొందికగా ఉండాలె, ఒకే సంగతిని వేరే మాటల్లో చెప్పినంత మాత్రాన ఫలితం మారకూడదు. వెనక ఉన్న నీతి ఒకటే: పాతవాటిలో వీలైనంత తక్కువ పోగొట్టుకో.

మరి ఏది పోవాలె? 1988లో గార్డెన్‌ఫోర్స్, మేకిన్సన్ దీనికి ‘ఎన్‌ట్రెంచ్‌మెంట్’ అన్నారు. మనం వేళ్ళ లోతు అనుకుందాం. ప్రతి నమ్మకానికి వేళ్ళు ఎంత లోతు దిగినయో ఒక వరుస ఉంటది. తగాదా వస్తే పైపైన ఉన్నది ముందు పోతది, లోతైనది ఆఖరికి పోతది. అట్లాంటి వరుస ఒకటి ఉంటే, షరతులన్నీ పాటించే సవరణ దొరుకుతది. షరతులన్నీ పాటించే ఏ సవరణ వెనకైనా అట్లాంటి వరుస ఉంటది. అదే ఏడాది ఆడమ్ గ్రోవ్ ఇదే సంగతిని ఒకదాని చుట్టూ ఒకటి గీసిన వలయాలతో చూపించాడు. కానీ వరుస ఏది సరైనదో ఈ గణితంలో ఏ సూత్రమూ చెప్పదు. అది బయటి నుంచి రావాలె.

ఏజీఎంకు విమర్శలు కూడా వచ్చినయి. తొలగింపుకు పెట్టిన ఒక షరతు ప్రకారం ఒక మాట తీసి, మళ్ళీ అదే మాట చేరిస్తే పోయినవన్నీ తిరిగి రావాలె. ఇది నిజమా? ఒక పెంటలో సోలార్ బోరు ఉందని ఒక కరపత్రంలో చదివినం. అంటే బోరు ఉంది అని కూడా నమ్మినం. ఆ కరపత్రం ఉత్తదని తెలిసింది, బోరు మాట తీసేసినం, సోలార్ మాట దాంతోనే పోయింది. రేపు చుట్టం ఒకరు వచ్చి ‘అక్కడ బోరు ఉంది’ అంటే, బోరు నమ్ముతం. సోలార్ అని మళ్ళీ ఎట్లా నమ్ముతం? స్వెన్ ఓవ్ హాన్సన్ లాంటివాళ్ళు అందుకే నమ్మకాల మూలాలను వేరుగా పట్టుకునే పద్ధతిని బలపరిచారు. డోయల్ చెప్పిన ‘ఎందుకు’ మళ్ళీ తలుపు తట్టింది.

5. వేళ్ళ లోతు ఎవరు కొలుస్తరు?

ఇప్పుడు మన చట్టం దగ్గరికి వద్దాం. చాలాకాలం అడవి గురించి కాగితాల వరుస ఇట్లా ఉండేది: అన్నిటికన్నా లోతున అటవీ శాఖ రికార్డు, ఆ తర్వాత రెవెన్యూ రికార్డు, ఎక్కడో పైన దుమ్ములాగా మన పెద్దల మాట. రికార్డుకు, తాత మాటకు తగాదా వస్తే పోయేది ఎప్పుడూ తాత మాటే. తర్కం తప్పలేదు. వరుస అట్లా ఉన్నది.

మనవాళ్ళు ఇక్కడ ఉన్నట్టు రాత లేదా అంటే ఉన్నది. ఆస్ట్రియా దేశపు మానవశాస్త్రవేత్త హైమెన్‌డార్ఫ్ 1940లో అమ్రాబాద్ పీఠభూమి మీద చెంచు పెంటల్లో ఉండి, 1943లో చెంచుల మీద పుస్తకం అచ్చు వేయించాడు. ఆయన సిఫారసుతో నిజాం ప్రభుత్వం సుమారు లక్ష ఎకరాలను చెంచు రిజర్వుగా పెట్టింది. తర్వాతి కాలంలో ఇదే అడవి పులుల అభయారణ్యం అయింది. 1983లో ప్రాజెక్ట్ టైగర్ కిందికి వచ్చింది, రాష్ట్ర విభజన తర్వాత మన వైపు భాగం అమ్రాబాద్ టైగర్ రిజర్వు అయింది. కొత్త రాత వచ్చినప్పుడు పాత రాత రద్దయిందా, లేక రెండూ నిలబడతయా? ఆల్చురోన్ ప్రశ్న మన ఇంటి ముందే ఉన్నది.

2006 డిసెంబర్‌లో పార్లమెంటు అటవీ హక్కుల చట్టం చేసింది. దాని పీఠికలోనే చారిత్రక అన్యాయం జరిగిందని ఒప్పుకున్నది. 4వ సెక్షన్ ‘అమల్లో ఉన్న ఇతర చట్టాల్లో ఏమున్నప్పటికీ’ అన్న అర్థంతో మొదలైతది. తర్కం భాషలో అది వేళ్ళ లోతు ప్రకటన: తగాదా వస్తే ఈ మాట నిలబడాలె, ఆ మాట తగ్గాలె. ఇంకా ముఖ్యమైనది 2008 నియమాల్లో 13వది. హక్కుకు సాక్ష్యాలు ఏవేవి కావొచ్చో అక్కడ రాశారు. అందులో ప్రభుత్వ రికార్డులతో పాటు, హక్కు అడిగే మనిషి కాకుండా ఇతర పెద్దలు చెప్పిన మాటను రాతలో పెట్టినది కూడా సాక్ష్యమే. అంటే దుమ్ములాగా పైన ఉన్న తాత మాటను కిందికి దింపి రికార్డు పక్కన నిలబెట్టిన్రు. ఒక్క కొత్త సంగతి కూడా కనిపెట్టలేదు, వరుస మార్చిన్రు. వరుస మారితే ఫలితం మారుతది.

6. లోకం మారిందా, మన మాటే తప్పా?

1991లో హిరోఫుమి కట్సునో, అల్బెర్టో మెండెల్‌సన్ ఒక తేడా పట్టుకున్నారు. కొత్త సంగతి వచ్చినప్పుడు రెండు రకాలుగా ఉండొచ్చు. లోకం అట్లనే ఉన్నది, మనం తప్పుగా అనుకున్నం: ఇది సవరణ. మనం అనుకున్నది అప్పటికి సరైనదే, తర్వాత లోకం మారింది: ఇది తాజా చేయడం, ఇంగ్లీషు మాటలో అప్‌డేట్. రెండింటికీ తర్కం వేరు, షరతులు వేరు.

మన్ననూర్ చిరునామానే చూడండి. 2014 జూన్ 2కు ముందు కాగితం మీద ఆంధ్రప్రదేశ్, మహబూబ్‌నగర్ జిల్లా. ఆ తర్వాత తెలంగాణ, మహబూబ్‌నగర్ జిల్లా. 2016 అక్టోబర్ 11 నుంచి తెలంగాణ, నాగర్‌కర్నూల్ జిల్లా. మూడు కాగితాలూ నిజమే, ఏ కాలానికి ఆ కాలానికి. జిల్లాలు మారడం అప్‌డేట్. దాన్ని సవరణ అనుకున్న యంత్రమో, గుమస్తానో పాత సర్టిఫికెట్‌ను ‘తప్పు జిల్లా’ అని పక్కన పెడితే, అది చిన్న పొరపాటు కాదు, తర్కంలో తప్పు. ఒక పిల్ల సీటు దాని మీద ఆగిపోవచ్చు.

ఇంకో ఉదాహరణ పులులదే. 1966లో ఒడిశా అటవీ అధికారి సరోజ్ రాజ్ చౌదరి అడుగుజాడలతో పులులను లెక్కించే పద్ధతి తెచ్చాడు. ప్రతి పులి అడుగు వేరుగా ఉంటది, గుర్తుపట్టొచ్చు అనే నమ్మకం దాని పునాది. దశాబ్దాలు అదే నడిచింది. 2001-02 లెక్క 3,642 పులులు అన్నది. 2004 చివర్లో, 2005 మొదట్లో రాజస్థాన్‌లోని సరిస్కాలో ఒక్క పులి కూడా మిగల్లేదని బయటపడ్డది, కాగితాల్లో మాత్రం ఉన్నయి. టైగర్ టాస్క్ ఫోర్స్ వేశారు. 2006 లెక్కకు కెమెరాలు, శాంపిల్ పద్ధతి వచ్చినయి. 2008లో ప్రకటించిన అంచనా 1,411. సుందర్‌బన్ లెక్క అప్పుడు అందులో లేదు.

ఇప్పుడు చెప్పండి, 3,642 నుంచి 1,411కు రావడం సవరణనా, అప్‌డేటా? కొన్ని పులులు నిజంగా చచ్చిపోయినయి, అది లోకం మారడం. పాత లెక్క పద్ధతి కూడా సరిగ్గా లేదు, అది మన మాట తప్పు కావడం. రెండూ కలిసిపోయినయి కాబట్టి ఆ రెండు అంకెలను పక్కపక్కన పెట్టి ‘ఇన్ని పులులు చచ్చినయి’ అనకూడదు. అయినా ఈ సందర్భంలో ఎన్నిసార్లు అడవిలో ఉన్న మనుషుల మీదనే వేలు పోయిందో మనకు తెలుసు. కొలత తప్పు ఎంత, లోకం మార్పు ఎంత అని విడదీయకుండా తప్పు ఎవరి మీదనో పెట్టడం న్యాయం కాదు.

7. కొత్త మాట ఎప్పుడూ గెలవాల్నా?

ఏజీఎం షరతుల్లో మొదటి వరుసలో ఉన్నది కొత్త మాట తప్పక ఫలితంలో ఉండాలె అనేది. 1990ల చివర్లో చాలామంది దీన్ని ప్రశ్నించారు. వాట్సాప్‌లో వచ్చిన ప్రతి మాటా కొత్తదే. కొత్తది కాబట్టి నమ్మాల్నా? మేకిన్సన్ తానే 1997లో జల్లెడ పట్టే సవరణను ప్రతిపాదించాడు. ముందే కాపాడుకున్న కొన్ని మూల నమ్మకాలతో కొత్త మాట తగాదా పడితే దాన్ని లోపలికి రానీయకు అన్నాడు.

అదే ఏడాది అద్నాన్ డార్విష్, జూడియా పెర్ల్ ఇంకో లోపం సరిచేశారు. ఏజీఎం ఒక్కసారి సవరణకే షరతులు చెప్పింది. మాటలు ఒకదాని తర్వాత ఒకటి వస్తూనే ఉంటయి కదా. నమ్మకాలే కాదు, వాటి వరుస కూడా ఒక సవరణ నుంచి ఇంకో సవరణకు ఎట్లా మారాలో చెప్పాలె. దానికి వాళ్ళు షరతులు రాశారు.

2019లో మనం దీన్ని కళ్ళారా చూసినం. ఫిబ్రవరి 13న సుప్రీంకోర్టు, అటవీ హక్కుల దరఖాస్తులు తిరస్కరించబడినవాళ్ళను అడవి నుంచి పంపించాలని రాష్ట్రాలకు ఉత్తర్వు ఇచ్చింది. దేశమంతా ఆదివాసీలు రోడ్ల మీదికి వచ్చిన్రు. ఫిబ్రవరి 28న కోర్టే ఆ ఉత్తర్వును నిలిపేసి, తిరస్కరణలు ఏ పద్ధతిలో జరిగినయో చెప్పమని రాష్ట్రాలను అడిగింది. ‘తిరస్కరించారు’ అనే మాట ఒక్కటే చూస్తే ఒక ఫలితం. ‘ఎందుకు, ఎట్లా తిరస్కరించారు’ అని ఆధారం అడిగితే ఇంకో ఫలితం. మధ్యలో ఉన్నది పదిహేను రోజులే. ఆ పదిహేను రోజులు ఎన్ని ఇళ్ళల్లో నిద్ర లేదో లెక్క ఎవరి దగ్గరా ఉండదు.

8. నలుగురి మాట కలపడం

ఒక్క మనిషి నమ్మకాలు సరే, పదిమంది మాటలు కలపాల్సి వస్తే? సెబాస్టియన్ కోనియేచ్నీ, రామోన్ పినో పెరెజ్ 1998 నుంచి దీనికి తర్కం రాశారు. వాళ్ళు చూపించింది రెండు దారులు: ఎక్కువమందికి దగ్గరగా ఉన్నది తీసుకోవడం, లేదా అందరికన్నా ఎక్కువ దూరమయ్యే మనిషి దూరాన్ని తగ్గించడం. రెండోదాన్ని మధ్యవర్తిత్వం అనొచ్చు.

ఊహ కోసం ఒక లెక్క. ఊళ్ళో ఐదు గుంపులు, 12 కిలోమీటర్ల దూరంలో పెంటలో రెండు గుంపులు. రేషన్ దుకాణం ఎక్కడ పెట్టాలె? ఊళ్ళో పెడితే మొత్తం నడక రెండు గుంపులు వేసుకున్న 12, అంటే 24. మధ్యలో పెడితే ఏడు గుంపులు వేసుకున్న 6, అంటే 42. మొదటి దారి ప్రకారం ఊళ్ళోనే పెట్టాలె. రెండో దారి ప్రకారం మధ్యలో, ఎందుకంటే అప్పుడు ఎవరూ 6 కంటే ఎక్కువ నడవరు. రెండూ తర్కమే, రెండింటికీ షరతులున్నయి, రెండింటికీ రుజువులున్నయి. కానీ పెంటలో ఉన్నోళ్ళకు రెండూ ఒకటి కాదు. తక్కువమంది ఉన్న మనలాంటి జాతికి మొదటి దారిలో ప్రతిసారీ 12 కిలోమీటర్లే రాసి ఉంటది.

9. ఇప్పటి యంత్రాలు

ఇప్పుడు మనం ఫోనులో వాడే భాషా మోడళ్ళు ఈ తర్కంతో కట్టినవి కావు. కోట్ల వాక్యాలు చదివి, వాటి లెక్కలను అంకెల్లో దాచుకున్నయి. ఏ మాట ఎందుకు నమ్మిందో డోయల్ యంత్రంలాగా పక్కన రాసుకోలేదు. వాటిలో ఒక సంగతిని మార్చాలని 2022లో రోమ్ అనే పద్ధతి వచ్చింది. అంకెల్లో ఆ సంగతి ఉన్న చోటు వెతికి అక్కడ మారుస్తరు. 2023లో ఇంకో పరిశోధన దాని వెనక ఉన్న చిక్కు చూపించింది: ఒక సంగతి మారిస్తే, దాని మీద ఆధారపడ్డ సంగతులు చాలాసార్లు మారవు. మన్ననూర్ జిల్లా నాగర్‌కర్నూల్ అని మార్చినా, మన్ననూర్‌కు ఏ కలెక్టరేట్ అంటే ఇంకా మహబూబ్‌నగర్ అనొచ్చు. ఏజీఎం వాళ్ళు 1985లో అడిగిన పొందిక ఇంకా పూర్తిగా దొరకలేదు.

అందుకే ఈ పాత చరిత్ర పాతది కాదు. మన గురించి రాసినవాళ్ళలో చాలామంది బయటివాళ్ళు. మనం రాసింది తక్కువ. లెక్క ప్రకారం నేర్చుకునే యంత్రానికి ఎక్కువసార్లు కనబడిన మాటే లోతైన మాట. అక్కడ వరుస పెట్టింది తాత కాదు, ఎక్కువ రాసినవాడు.

మనలో ఈ చదువు చదివేటోళ్ళు రేపు ఏదో ఒక వ్యవస్థ కడతరు, లేదా ఒక ఆఫీసులో దాని ముందు కూర్చుంటరు. అప్పుడు మూడు ప్రశ్నలు మర్చిపోవద్దు. తగాదా వస్తే ఏ మాట పోవాలో వరుస ఎవరు పెట్టిన్రు? ప్రతి మాట పక్కన ఎందుకు అనేది రాసి ఉన్నదా? పాత మాట తప్పా, లేక లోకం మారిందా? ఈ మూడూ అడగనిచ్చే వ్యవస్థలో మన మాటకు కూడా చోటు దొరుకుతది.

ఇంకో పని ఇప్పుడే చేయొచ్చు. సెలవులకు పెంటలకు, గూడేలకు పోయినప్పుడు తాతలు, అవ్వలు చెప్పే మాటలు తారీఖు వేసి, ఊరు వేసి, ఎవరి దగ్గర విన్నమో వేసి రాసిపెట్టండి. 13వ నియమం అట్లాంటి రాతకు చోటు ఇచ్చింది. రాయకపోతే ఆ వరుసలో మన మాట మళ్ళీ దుమ్ము కింద పోతది.

పోస్టులో తప్పులుంటే కింద చెప్పండి, ఆధారంతో చెప్పండి, సవరించుకుంటం.